‘ఎవరి మనిషి?’ అని అడిగే ముందు

మన పక్క ఎవరైనా సంఘంలో లేచి ఎదురుమాట చెబితే, ఆ మాటలో నిజమెంతో చూసేలోపే ఇంకో ప్రశ్న పుడుతుంది: ‘వీడు ఎవరి మనిషి?’ గుడి కమిటీ అయినా, పొదుపు సంఘమైనా, బడి తల్లిదండ్రుల కమిటీ అయినా, భజన మండలి అయినా అంతే. తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఎక్కడికి పోయినా ఈ ప్రశ్న మనకంటే ముందే అక్కడుంటుంది. అది ఊరికే పుట్టింది కాదు. వర్గాలుగా చీలిన ఊళ్లలో మాట అనడమంటే ఒక పక్కన నిలబడటమే. చెరువు నీళ్ల దగ్గర, పొలం గట్టు దగ్గర, ఎన్నికల దగ్గర ఆ లెక్క తప్పలేదు. కష్టపడి నేర్చుకున్న జాగ్రత్త అది. అయితే పదిమందీ ఒక మంచి పని కోసం కూడిన చోటికి కూడా ఆ జాగ్రత్తనే మోసుకొస్తే, ఆ సంఘం కొన్నాళ్లకు తలకాయలూపే మనుషులతో మిగులుతుంది.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకుంది ఒకటే. ఎదురుమాట చెప్పిన మనిషి ఓడిపోతే ఆ మాట ఒక్కటే ఓడిపోవాలి. కూలి పోకూడదు, అప్పు అందకుండా పోకూడదు, పలకరింపు పోకూడదు, పెళ్లి పిలుపు ఆగకూడదు. మాటకు జవాబు మాటతోనే ఇవ్వాలి. వినడానికి తేలిక. చేయడం మాత్రం విలువల కోసం కూడిన సంఘాల్లోనే అన్నిటికంటే కష్టం. ఇద్దరు టమాటా వ్యాపారులకు ధర దగ్గర తేడా వస్తే మండీలో తేల్చుకుని, మరుసటి రోజు మళ్లీ కలిసే లారీకి ఎత్తుతారు. నమ్మకం మీద కలిసినవాళ్ల మధ్య తేడా వస్తే అది ద్రోహంలా వినిపిస్తుంది. ‘ఇన్నాళ్లూ మాతో ఉండి ఇట్లా అంటావా’ అనే బాధ నిజమైన బాధ. దాన్ని తక్కువ చేయను. ఆ బాధలో ఉన్నప్పుడు ఏం చేయాలన్నదే మనం నేర్చుకోవాల్సింది.

మదనపల్లెలో జరిగింది

దీనికి దూరం పోనక్కర్లేదు. 1915లో అనీ బిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల పెట్టించారు. ఆమె నడిపిన దివ్యజ్ఞాన సమాజం విలువల మీద కట్టిన సంఘం. సత్యాన్ని మించిన ధర్మం లేదన్నది దాని నినాదం. 1924లో ఆ సమాజం పాలకమండలి ఒక తీర్మానం చేసింది. సమాజాన్ని స్థాపించిన బ్లావట్‌స్కీతో సహా ఏ గురువుకూ, ఏ రచయితకూ తన అభిప్రాయాన్ని సభ్యుల మీద రుద్దే అధికారం లేదని అందులో రాసుకున్నారు. వ్యవస్థాపకురాలి పేరు పెట్టి మరీ అలా రాసుకోవడానికి గుండె ధైర్యం కావాలి.

తీర్మానం రాయడం ఒక ఎత్తు, దానికి కట్టుబడటం ఇంకో ఎత్తు. ఈ విషయంలో బిసెంట్ జీవితాన్ని నేను మళ్లీ మళ్లీ తిరగేస్తుంటాను, ఎందుకంటే ఆమె రెండు వైపులా నిలబడిన మనిషి. ఇండియాకు రాకముందు లండన్‌లో నాస్తికురాలిగా బతికారు. కుటుంబ నియంత్రణ గురించిన చిన్న పుస్తకాన్ని అచ్చు వేసినందుకు 1877లో కోర్టు మెట్లెక్కారు. ఆ తర్వాత, ఆమె భావాలను కారణంగా చూపి కోర్టు కన్నకూతుర్నే ఆమె దగ్గర నుంచి తీసేసింది. తాను ప్రచురించిన పుస్తకం మంచిదా చెడ్డదా అన్నది వాదన. కూతురికి ఆ వాదనతో ఏం సంబంధం? మాట మీద కోపం మనిషి బతుకులోకి చొరబడటమంటే ఏమిటో ఆమెకు అనుభవంలో తెలుసు.

అలాంటి ఆమె చేతికే తర్వాత పెద్ద సంఘం వచ్చింది. ఇప్పుడు ఎదురు చెప్పేది వేరేవాళ్లు.

జేమ్స్ కజిన్స్ అని ఐర్లండ్ కవి. బిసెంట్ మద్రాసులో నడిపిన ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేయడానికి 1915లో వచ్చాడు. మరుసటి ఏడాది ఈస్టర్ పండుగ రోజుల్లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు జరిగింది. కజిన్స్ దాన్ని మెచ్చుకుంటూ ఆ పత్రికలోనే వ్యాసం రాశాడు. అప్పటికే ప్రభుత్వం కన్ను ఆ పత్రిక మీదుంది. ప్రెస్ చట్టం కింద డిపాజిట్లు కట్టించుకున్న ఏడాది కూడా అదే. బిసెంట్ కజిన్స్‌ను పత్రిక నుంచి తప్పించారు. ఇంతవరకు మనకు తెలిసిన కథే. ఆ తర్వాతిది చూడండి. అదే మనిషికి ఆమె మదనపల్లె కాలేజీలో ఉద్యోగమిచ్చారు. ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు.

ఆమె పత్రికలో ఏం అచ్చవ్వాలో తేల్చుకున్నారు, అది ఆమె బాధ్యత. ఆ మనిషి ఎలా బతకాలో, ఎవరితో ఉండాలో మాత్రం దానితో ముడిపెట్టలేదు. పత్రిక నుంచి తప్పించడం న్యాయమేనా అంటే నాకు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుదల లేదు. కానీ సంఘం పెద్దగా ఉన్నవాళ్లు ఆ రెంటినీ విడదీసి చూడటం అరుదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాలేజీకి వచ్చి బస చేశారు. ‘జనగణమన’ను అక్కడే ఇంగ్లీషులోకి తెచ్చారు. కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసిపెట్టారు. కజిన్స్‌ను వ్యాసం రాసినందుకు గెంటేసి ఊరుకుని ఉంటే ఆ రోజు ఆ దంపతులు మదనపల్లెలో ఉండేవాళ్లు కాదు. అదే మార్గరెట్ 1932లో, మాట్లాడే స్వేచ్ఛను అణిచే ఆర్డినెన్సులకు ఎదురు మాట్లాడి జైలుకు పోయారు.

ఇక అందరికీ తెలిసిన కథ. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. ఆయన్ని జగద్గురువుగా నిలబెట్టడానికి 1911లో ఒక సంఘం పెట్టారు. వేలమంది చేరారు. భూములిచ్చారు, కోట ఇచ్చారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, మూడు వేలకు పైగా సభ్యుల ఎదుట, ఆ సంఘాన్ని రద్దు చేస్తున్నానని ఆయనే ప్రకటించారు. సత్యానికి సంఘం దారి చూపలేదు, నాకు శిష్యులు వద్దు అన్నది ఆ ప్రసంగం సారం. కొడుకులా పెంచి, ప్రపంచమంతా తిరిగి ‘ఈయనే’ అని చెప్పిన బిసెంట్ ఆ సభలోనే కూర్చుని ఉన్నారు. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి.

ఒక్క నిమిషం ఆమె కుర్చీలో కూర్చుని ఆలోచించండి. ఎదురుమాట చెప్పింది పరాయివాడు కాదు. మామూలు విషయం మీదా కాదు, పద్దెనిమిదేళ్ల పని మీద. అయినా ఆమె ఆయన్ని దూరం చేసుకోలేదు. మరుసటి ఏడాది ఆయన సమాజానికి రాజీనామా చేశారు, అయినా ఆమె ప్రేమ తగ్గలేదు. ఆయన ఆమెను ‘అమ్మ’ అనడం మానలేదు. ఆమె సమాజమంతటా ఇదే జరిగిందని మాత్రం చెప్పలేను. 1933లో ఆమె పోయాక, అడయారులోని సమాజం ప్రధాన కేంద్రానికీ ఆయనకూ దారి మూసుకుపోయింది. 1980లో రాధా బర్నియర్ సమాజానికి అధ్యక్షురాలై పిలిచాకే, 47 ఏళ్ల తర్వాత, ఆయన మళ్లీ ఆ ఆవరణలో అడుగుపెట్టారు. అడయారుకు నష్టమే కదా ఆ 47 ఏళ్లు! తన మనుషుల్లో ఒకరు అన్న మాటను తన గడప లోపలే విని వాదించే అవకాశం పోయింది.

ఇంకో ఉదాహరణ కూడా చెప్పకపోతే కథ ఒంటిపక్కదవుతుంది. అదే బిసెంట్ 1913లో, సమాజం జర్మనీ శాఖను నడిపిన రుడాల్ఫ్ స్టైనర్ కృష్ణమూర్తిని జగద్గురువుగా ఒప్పుకోనప్పుడు, ఆ శాఖ గుర్తింపే రద్దు చేశారు. అంతకుముందే ఆ శాఖ కూడా కృష్ణమూర్తి సంఘంలో ఉన్నవాళ్లకు తమ దగ్గర చోటు లేదని తేల్చేసింది. రెండు వైపులా తలుపులు వేసుకున్నారు. ఒకే మనిషి ఒకచోట తలుపు వేసి, ఇంకోచోట తెరిచి ఉంచింది. సహనమన్నది పుట్టుకతో వచ్చే గుణం కాదని, ప్రతిసారీ కొత్తగా చేయాల్సిన పని అని నాకు ఇక్కడే నమ్మకం కుదిరింది. అందుకే అలవాట్లు కావాలంటాను. మనసు మంచిదైతే చాలదు.

‘అడగండి’ అంటే చాలదు

తంబళ్లపల్లె నియోజకవర్గంలోనే, కురబలకోట మండలంలో, రిషివ్యాలీ బడి ఉంది. కృష్ణమూర్తి చాలా ఏళ్లు అక్కడికి వచ్చి ఉపాధ్యాయులతో, పిల్లలతో కూర్చుని మాట్లాడేవారు. 1985 చివర్లో కూడా వచ్చారు, మరుసటి ఫిబ్రవరిలో కన్నుమూశారు. నేను చెబుతున్నానని ఒప్పుకోవద్దు, మీరే చూసి తెలుసుకోండి అన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. అంత గట్టిగా చెప్పినా ఆయన ఎదుట కాదనడానికి ఎంతమందికి నోరు వచ్చేది? పెద్దమనిషి ‘నన్ను ప్రశ్నించండి’ అంటే, ఎదుటివాళ్లు ఆ మాటకు కూడా ‘సరే స్వామీ’ అంటారు. కాబట్టి సంఘం పెద్దలు పిలుపుతో ఆగకూడదు. ఎదురుమాటకు ఒక వేళ, ఒక వంతు, ఒక కాగితం ఏర్పాటు చేయాలి.

పొదుపు సంఘం సమావేశాన్నే తీసుకుందాం. పది మంది చాప మీద కూర్చున్నారు. బ్యాంకు లోను వచ్చింది, సమానంగా పంచుకుందామని లీడరు అంటుంది. తీర్మానాల పుస్తకం ఆమె ఒళ్లోనే ఉంది, పెన్ను మూత కూడా తీసేసింది. ఒకామె మెల్లగా అంటుంది: ‘అక్కా, అందరికీ సమానంగా ఎందుకు? ఆవు కొనేవాళ్లకు ఎక్కువ కావాల, నాకిప్పుడు అంత అక్కర్లేదు. తీసుకుంటే వడ్డీ నేనే కట్టాల కదా.’ వెనక నుంచి ఒక గొంతు: ‘ఏందిమే, అందరికీ లేని నొప్పి నీకొచ్చిందే?’ ఇంకొకామె పక్కామె చెవిలో ఏదో అంటుంది. ఆమె ఎవరింటి కోడలు, వాళ్ల మామ ఎవరితో తిరుగుతాడు అన్నదే ఆ గుసగుస. పుస్తకం చేతులు మారుతూ పోతుంది, సంతకాలు పడుతూ పోతాయి. పుస్తకం ఆమె దగ్గరికొచ్చేసరికి తొమ్మిది సంతకాలున్నాయి. ఆమె కూడా పెడుతుంది. తీర్మానంలో ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా’ అని రాసి ఉంటుంది.

ఆ ఒక్క మాట, ‘ఏకగ్రీవంగా’, మన సంఘాలకు చాలా చెరుపు చేసింది. ఏకగ్రీవమైతే మర్యాద, లేకపోతే ఊరి పరువు పోయినట్టు అనుకోవడం మనకు అలవాటైంది. ఆరు నెలల తర్వాత ఆ లోను కంతులు ఆగినప్పుడు, ఆ రోజు ఆమె చెప్పిన కారణం పుస్తకంలో ఎక్కడా దొరకదు.

అదే సమావేశాన్ని ఇంకోలా నడిపి చూడండి. లీడరు ముందు తన మాట చెప్పదు, చివర చెబుతుంది. ఎందుకంటే పెద్ద మాట ముందు పడితే చిన్న మాటలు లేవవు. ఒకామె కాదన్నప్పుడు లీడరు వెంటనే జవాబివ్వకుండా, ఆ మాటను తన నోటితో ఒకసారి తిరిగి చెబుతుంది: ‘అంటే, అక్కర లేనివాళ్ల మీద వడ్డీ భారం పడుతుందంటావు, అంతేనా అమ్మా?’ ‘అంతే అక్కా’ అని ఆమె అన్నాకే చర్చ మొదలవుతుంది. ఈ ఒక్క అలవాటు నేర్చుకున్నా చాలు, సగం తగాదాలు అక్కడే కరిగిపోతాయి. మనం ఎక్కువగా పోట్లాడేది ఎదుటివాళ్లు అన్నదాంతో కాదు, అన్నారని మనం అనుకున్నదాంతో.

చివరికి తొమ్మిది మంది ఒకటి, ఆమె ఒకటి అనుకున్నారనుకుందాం. సమానంగానే పంచుకుంటారు, తప్పు లేదు. కానీ పుస్తకంలో ఇలా రాయండి: ‘తొమ్మిది మంది ఒప్పుకున్నారు. ఒక సభ్యురాలు ఒప్పుకోలేదు. కారణం: అక్కర లేనివాళ్లకు వడ్డీ భారం. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాం.’ ఆమె దాని కింద సంతకం పెడుతుంది. ఇప్పుడది ఆమె అబద్ధం ఆడకుండా పెట్టిన సంతకం. మూడు నెలల తర్వాత ఆ పేజీ తప్పకుండా తెరవాలి. తెరవకపోతే రాసుకున్నదంతా వృథా.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి: ఎదురుమాటను వంతుగా పెట్టడం. ఈ నెల ఒకరు, వచ్చే నెల ఇంకొకరు. వంతు వచ్చినవాళ్లు ఆ రోజు ప్రతి ప్రతిపాదనలోనూ లోపం వెతికి చెప్పి తీరాలి. రోమన్ కేథలిక్ చర్చి ఒకరిని పునీతులుగా ప్రకటించేముందు, ఆ మనిషికి వ్యతిరేకంగా వాదించడానికే ఒక అధికారిని నియమించేది. 1587లో మొదలైన ఆ పదవి దాదాపు నాలుగు వందల ఏళ్లు నడిచింది. విశ్వాసం మీద నిలబడ్డ సంస్థే ఆ అవసరాన్ని గుర్తించింది. మన ఊళ్లలో దీనివల్ల ఇంకో పెద్ద మేలుంది. ఎదురు చెప్పడం వంతు అయినప్పుడు ‘ఎవరి మనిషి?’ అన్న ప్రశ్నకు చోటే ఉండదు. ఈ రోజు వంతు ఆమెది, అంతే.

సమావేశం అయ్యాక

అసలు పరీక్ష సమావేశంలో కాదు, మరుసటి వారంలో ఉంటుంది. సంఘం పెద్దలు ఆ వారమంతా కళ్లు తెరిచి చూడాలి. కాదన్న మనిషిని టీ కొట్టు దగ్గర పలకరిస్తున్నారా? తర్వాతి సమావేశం కబురు అందిందా? సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె పెట్టిన మాటకు ఎవరైనా జవాబిచ్చారా, లేక మౌనంతో కొడుతున్నారా? జాతరకు చందా రాసే పుస్తకం వాళ్ల గుమ్మం దాటి పోయిందా? ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. మనిషి నోరు మూయించేవి ఇవే. పెద్ద శిక్షలకు ఊరంతా సాక్షి ఉంటుంది, ఇలాంటివాటికి ఎవరూ ఉండరు. కాబట్టి లీడరే ముందు పోయి వాళ్లింట్లో కూర్చుని రావాలి, అందరూ చూసేటట్టు. చేతనైతే వాళ్లకే ఒక బాధ్యత అప్పజెప్పాలి. బిసెంట్ కజిన్స్‌కు కాలేజీ అప్పజెప్పినట్టు.

హద్దు ఎక్కడుంది

అన్నీ చర్చకు పెట్టాల్సినవేనా? కాదు. సహపంక్తిలో కొందరిని వేరుగా కూర్చోబెడదాం అనే ప్రతిపాదన చర్చకు రాదు, ఓటుకూ రాదు. ఇంకో మనిషి గౌరవాన్ని తీసేసే మాట అభిప్రాయం కిందకు రాదు. సంఘం డబ్బు లెక్క చూపించననడం కూడా అంతే. తిట్లు, ఇంటి ఆడవాళ్ల మీద మాటలు, కులం పేరు ఎత్తడం ఇవి వచ్చిన చోట ఆపేయండి, మొహమాటం వద్దు. అయితే ‘మా విలువలకు విరుద్ధం’ అనే మాటను పెద్దలు చాలా తేలిగ్గా వాడేస్తారు. సమయం మారుద్దామన్నా విలువలకు విరుద్ధమే, లెక్కలు గోడకు అంటిద్దామన్నా విరుద్ధమే. అందుకని ఎదురుమాట వచ్చినప్పుడల్లా మొదట ఇది తేల్చుకోండి: ఆ మాట మనం కట్టుబడ్డ విలువ మీదా, దాన్ని నడిపిస్తున్న పద్ధతి మీదా? పదింట తొమ్మిదిసార్లు పద్ధతి మీదే ఉంటుంది.

మరి నిజంగానే విలువ మీద వస్తే? నాస్తికుడన్న కారణంగా కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీజీని కలిశారు. దేవుడి పేరుతో రోజు మొదలయ్యే ఆశ్రమం అది. గాంధీజీ ఆయనతో మాట్లాడారు. గోరా కూతురిని దళిత యువకుడికిచ్చి చేసే పెళ్లి సేవాగ్రాంలోనే జరిపిస్తానన్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం అనుకుందామని కూడా ఒప్పుకున్నారు. గాంధీజీ చనిపోయాక, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. గాంధీజీ దేవుణ్ని వదలలేదు, గోరా నాస్తికత్వాన్ని వదలలేదు. అంటరానితనం పోవాలన్న దగ్గర ఇద్దరూ కలిశారు. మూలంలో తేడా వచ్చినా కలిసి చేయగల పని ఏదైనా మిగిలిందా అని వెతకడం, అదీ పద్ధతి.

ఎదురు చెప్పేవాళ్లకు

ఇంతవరకు పెద్దలకు చెప్పాను. ఎదురుమాట చెప్పేవాళ్లకూ కొన్ని బాధ్యతలున్నాయి. సమావేశంలో నోరు విప్పకుండా రచ్చబండ దగ్గర విప్పితే అది సంఘానికి అందదు, ఊరికి అందుతుంది. చెప్పేది సమావేశంలోనే చెప్పండి. ‘ఇది తప్పు’ అని ఊరుకోకుండా ‘ఇట్లా చేద్దాం’ అని ఒక దారి కూడా తెండి, అది అసంపూర్ణమైనా పరవాలేదు. మనుషుల పేర్లు వదిలేసి పని గురించి మాట్లాడండి. మీ మాట ఓడిపోతే, మరుసటి రోజు సంఘం పనికి అందరికంటే ముందు పోండి. మీరు ఎవరి మనిషో తేల్చాలని చూసేవాళ్లకు అది చాలా గట్టి జవాబు.

ఒకే మాట మీద ఎన్నిసార్లు లేవాలని అడుగుతారు కొందరు. కొత్త కారణం దొరికిన ప్రతిసారీ లేవచ్చు. పాత కారణమే అయితే పుస్తకంలో రాయించి, గడువు వచ్చేదాకా ఆగండి. అన్నీ చేసినా మనసు ఒప్పక, ఇక ఈ సంఘంలో ఉండలేననిపిస్తే వెళ్లిపోవడం నేరం కాదు. కృష్ణమూర్తి ఓమెన్‌లో సంఘం రద్దు చేశాక, కోటనూ భూములనూ ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేశారు. వెళ్లేవాళ్లు లెక్క తేల్చి వెళ్లాలి. తమ దగ్గరున్న పుస్తకాలు, తాళాలు, బాకీ అప్పగించాలి. సంఘం కూడా వాళ్ల పొదుపు డబ్బును పైసాతో సహా ఆ నెలలోనే ఇచ్చేయాలి, రేపు మాపు అని తిప్పించుకోకూడదు. రాజీనామా కాగితం మీద వాళ్లు రాసిన కారణాన్ని తర్వాతి సమావేశంలో అందరి ముందూ చదివి వినిపించాలి, ఒక్క మాట కూడా తీసేయకుండా. మళ్లీ చేరాలనుకుంటే ఏం చేయాలో అదే సమావేశంలో తేల్చి, ఆ మనిషికి కాగితం మీద రాసి పంపాలి.